తరగతి అన్న మాట

ఎర్రదిన్నెపల్లి,
25 జూన్ 2001.

అత్తకు నమస్కారాలు.

మీ మోకాలి నొప్పి కాస్త తగ్గిందని నాయన రాశారు. సంతోషం. ఫోనులో మీకు సగం మాటలు వినబడవు. ఎస్టీడీ బూతులో పదిమంది ముందు అరవడం నాకు చేతకాదు. కనుక మనిద్దరికీ ఉత్తరమే గతి.

కళ్యాణదుర్గం నుంచి షేరు ఆటోలో గంట ప్రయాణం ఈ ఊరు. ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిగా చేరి పదకొండు రోజులైంది. మూడో రోజున హెచ్చెం హనుమంతప్ప సారు నా చేతిలో ఒక తాళంచెవి పెట్టి, “లైబ్రరీ మీకు అప్పజెప్తాండాను మేడం. తెలుగు అయ్యవార్లకే ఇచ్చేది మా ఆచారం” అన్నారు. ఆ తాళం తెరుచుకోవడానికి అటెండరు తిమ్మన్న కిరోసిను పోయవలసి వచ్చింది. లోపల ఐదు ఇనుప బీరువాలు, రెండు రేకు పెట్టెలు, ఎనిమిది వందల నలభై పుస్తకాలు. తొమ్మిదేళ్లుగా ఆ గది మూసే ఉందట. ఎందుకని అడిగాను.

“తెరిస్తే పిల్లోళ్లు చింపుతారు గదా మేడం” అన్నాడు తిమ్మన్న.

అన్నీ తీసి లెక్కపెట్టాను. చెదలు తిన్నవి అరవై రెండు. పిల్లలు చింపింది ఒక్కటీ లేదు. ఎలా చింపుతారు? వారు వాటిని చూసిందెక్కడ? తొమ్మిదేళ్లంటే, ఆరులో చేరి పది పూర్తిచేసి వెళ్లిపోయిన పిల్లలు దాదాపు రెండు తరాలు, అత్తా! వారిలో ఒక్కరి చేతికీ ఒక్క కథ అందలేదు.

మీరు ముప్పై రెండేళ్లు అనంతపురం గ్రంథాలయంలో పుస్తకాలు విడదీసి, చీటీలు రాసి, అరల్లో సర్దడమే వృత్తిగా బతికారు. నాకు తెలిసింది చదవడం ఒక్కటే. మా పిల్లల్లో పదేళ్లవారున్నారు, పదిహేడేళ్లవారూ ఉన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. మీరు చెప్పింది చెప్పినట్టు చేస్తాను.

మీ
ప్రశాంతి

అనంతపురం,
2 జూలై 2001.

చిరంజీవి ప్రశాంతికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తొమ్మిదేళ్లు! పుస్తకాన్ని కాపాడటమంటే పిల్లల నుంచి కాపాడటమని ఈ పెద్దమనుషులకు ఎవరు నేర్పారో! నా ఉద్యోగకాలంలో ఇటువంటి తాళాలు ఎన్నో చూశాను. ప్రతి తాళం వెనకా ఒక పెద్దమనిషి, “బాధ్యత నాది కదమ్మా” అంటూ ఉండేవాడు. బాధ్యత పుస్తకానిదేనా, చదివేవారిది కాదా అని అడిగితే ముఖం అటు తిప్పుకునేవాడు.

ఇక పని. తొందరపడవద్దు. మొదట పుస్తకాలన్నిటినీ తరగతుల వారీగా విడదీయి. ఏ పుస్తకం ఏ తరగతికి చెందుతుందో నిర్ణయించవలసింది నువ్వే. అట్ట మీది బొమ్మను, పేరును చూసి మోసపోవద్దు. లోపల నాలుగు పేజీలైనా చదువు. నిర్ణయించాక తరగతి సంఖ్యను చిన్న చీటీ మీద రాసి, పుస్తకం వెన్నుకు అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో అంటించు. అన్ని చీటీలూ ఒకే ఎత్తున ఉండాలి. పెద్ద గ్రంథాలయాల్లో తరగతులు పది. మీ బడికి ఎన్ని చాలునో చూసుకో.

ఒక్క నియమం మాత్రం తప్పవద్దు. ఒక తరగతి పుస్తకం మరొక తరగతిలోకి పోరాదు. పోయిందంటే ఆ పుస్తకం లేనట్టే లెక్క. కొన్నాళ్లు పోతే గ్రంథాలయమే లేనట్టు.

చీటీలకు మైదా బంక సరిపోతుంది. బాగా ఉడికించి, చల్లారాక వాడు. పచ్చిబంకకు బొద్దింకలు వస్తాయి. నా మోకాలు నీకు రాసినంత బాగా లేదు. మీ నాయన ఏదైనా ఒక పాలు మంచిగానే చెబుతాడు.

ఆశీస్సులతో,
యశోద

ఎర్రదిన్నెపల్లి,
20 జూలై 2001.

అత్తకు నమస్కారాలు.

పని పూర్తయింది. రెండు వారాలు పట్టింది. మీరు పది అన్నారు గానీ మా బడికి ఐదే తరగతులు కదా. బీరువాలు కూడా సరిగ్గా ఐదే. తరగతికొక బీరువా. అతికినట్టు కుదిరింది.

ఏ పుస్తకం ఏ తరగతికి అన్నది తేల్చడమే కష్టమైంది. మీరన్నట్టు ప్రతిదీ నాలుగు పేజీలు చదివాను. కొన్ని రెండు తరగతులకూ పనికొచ్చేట్టున్నాయి. మనసు రాయి చేసుకుని ఒకదానిలోనే వేశాను. చీటీలన్నీ రెండంగుళాల ఎత్తులో, ఒకే వరుసలో ఉన్నాయి. చూస్తే మీ కళ్లు చల్లబడతాయి.

హెచ్చెం సారు మీ ఉత్తరం అడిగి తీసుకుని చదివారు. “ముప్పై రెండేండ్ల సర్వీసు మాటలంటే ఇట్లుంటాయి మేడం!” అని, మీ నియమాన్ని డ్రాయింగు సారు చేత గ్రంథాలయం గది గోడ మీద రాయించారు. “ఒక తరగతి పుస్తకం మరొక తరగతిలోకి పోరాదు.” ఒక్కో అక్షరం జానెడు. కింద మీ పేరు కూడా వేయిస్తానన్నారు. మీకు నచ్చదని వద్దన్నాను.

ఒక సందేహం. కొందరు పిల్లలు కొన్ని పుస్తకాల మీద ఆశపడి, “దీని తరగతి మార్చండి మేడం” అని వెంటపడుతున్నారు. ఆరో తరగతిలో నందిని అనే పిల్ల రోజూ అడుగుతోంది. మార్చవచ్చునా?

మీ
ప్రశాంతి

అనంతపురం,
28 జూలై 2001.

చిరంజీవి ప్రశాంతికి,

చాలా సంతోషించాను. చిన్న గ్రంథాలయానికి ఐదు తరగతులు చాలు. అనవసరంగా పది చేసి, ఖాళీ అరలు చూసుకుని మురిసేవారిని ఎందరినో చూశాను. రెండింటికీ పనికొచ్చే పుస్తకాన్ని ఒకదానిలోనే వేయడం సరైన పద్ధతి. అందుకు మనసు రాయి చేసుకోవాలన్నది కూడా నిజం.

నీ సందేహానికి జవాబు: మార్చరాదు. తరగతి అన్నది పుస్తకంలో ఉన్న విషయాన్ని బట్టి నిర్ణయమవుతుంది గానీ, అడిగినవారి ముచ్చటను బట్టి కాదు. ఈ రోజు నందిని కోసం మారిస్తే రేపు ఇంకొకరి కోసం మార్చాలి. నువ్వు చిన్నప్పటి నుంచీ మెత్తని మనిషివి. ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండు.

గోడ మీద రాయించారా! ముప్పై రెండేళ్లలో నా మాట ఎవరూ ఎక్కడా రాయించలేదు. ఏ రంగు వేశారు?

ఆశీస్సులతో,
యశోద

ఎర్రదిన్నెపల్లి,
24 ఆగస్టు 2001.

అత్తకు,

ఎరుపు రంగు. ఆ రంగు చూస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది.

జరిగింది వరుసగా రాస్తాను. ఎనిమిదో తరగతిలో ఉమాదేవి అనే అమ్మాయి ఉంది. పదిహేనేళ్లు. ఇంటివారికి గొర్రెల మంద ఉంది. ఆమె మూడేళ్లు మందతో తిరిగి, బ్రిడ్జి కోర్సు ద్వారా మళ్లీ బడిలో చేరింది. వయసు చూసి ఎనిమిదిలో వేశారు. కూడబలుక్కుని చదువుతుంది. ఒత్తులు వస్తే ఆగిపోతుంది. ఆరో తరగతి బీరువాలో పెద్ద అక్షరాల ఎలుకపిల్ల కథ ఒకటి ఉంది. నేను చూస్తూ చూడనట్టు ఊరుకున్నాను. ఆమె దాన్ని తీసుకుని మూలకు పోయి, పెదవులు కదుపుతూ చదువుకుంటోంది.

హెచ్చెం సారు వచ్చారు. వెన్ను మీద చీటీ చూశారు.

“ఏమ్మా, ఇంతెత్తుండావు, ఎనిమిదో తరగతి చదువుతాండావు, ఆరో తరగతి బుక్కు నీకెందుకు? ఆ గోడ మీద ఏం రాసిండారో అందరికీ వినపడేట్ల చదువు!”

ఆ పిల్ల లేచి నిలబడింది. “ఒక... తర... గతి... పు... పుస...” అక్కడ ఆగింది. ఎవరో వెనక నుంచి, “పుస పుస అంటాది, పామేమో!” అన్నారు. గది గదంతా నవ్వింది. సారు ఆపలేదు. నేను, “సార్, కూర్చోనివ్వండి” అన్నాను గానీ నా గొంతు నాకే వినబడలేదు. ఉమాదేవి ఏడవలేదు. పుస్తకాన్ని బల్ల మీద బోర్లా పెట్టి బయటికి నడిచింది. ఎనిమిది రోజులైంది, బడికి రాలేదు.

అదే వారంలో నందిని సంచిలో తొమ్మిదో తరగతి పుస్తకం దొరికింది. నక్షత్రాల గురించినది. దొంగ అన్నారు. పదకొండేళ్ల పిల్లను! ఆ పుస్తకాన్ని తొమ్మిదో తరగతివారు ఒక్కరూ ముట్టలేదు. వట్టి మట్టి పట్టి ఉంది.

అత్తా, మీరు చెప్పింది చెప్పినట్టు చేశాను. మార్చవచ్చునా అని అడిగితే గట్టిగా ఉండమన్నారు. ఉన్నాను. మీ మీద ఇంత కోపం వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. పిల్లలందరూ ఒకే కొలతకు కుట్టించిన యూనిఫారాలు కారు. ఆ సంగతి ముప్పై రెండేళ్ల అనుభవంలో మీకు ఒక్కరోజైనా తోచలేదా?

ప్రశాంతి

అనంతపురం,
29 ఆగస్టు 2001.

ప్రశాంతికి,

నీ ఉత్తరం అందింది. పుస్తకాల వెన్ను మీద ఆరు, ఏడు, ఎనిమిది అని పిల్లల క్లాసులు వేశావా? ఏ పిల్ల ఆ క్లాసు పుస్తకమే చదవాలని నేను చెప్పానా? ఎక్కడ చెప్పాను? ఎప్పుడు చెప్పాను?

మా పిల్లల విభాగంలో ఏడేళ్ల పిల్ల నిఘంటువు అడిగితే బల్ల మీద పరిచి చూపించినదాన్ని నేను. యాభై ఏళ్ల రైతు బొమ్మల పుస్తకం అడిగితే కుర్చీ వేసి కూర్చోబెట్టినదాన్ని. వయసు చూసి పుస్తకం లాక్కోవడం నా నియమమా? నువ్వు చేసిన పనికి నా పేరు ఎందుకు తగిలించావు? తెలుగు చదివి, తెలుగు చెప్పే నీకు ఒక ఉత్తరాన్ని అర్థం చేసుకోవడం రాలేదంటే ఎవరికి చెప్పుకోను?

ఆ పిల్ల ముందు ఆ వాక్యం ఎత్తి చూపిన మనిషి సంగతి తర్వాత. ముందు నీ సంగతి తేలాలి.

యశోద

అనంతపురం,
30 ఆగస్టు 2001.

అమ్మా ప్రశాంతీ,

నిన్నటి ఉత్తరం అందితే చింపెయ్యి.

ఉద్యోగపు అలవాటు కొద్దీ, రాసిన ప్రతి ఉత్తరానికీ కార్బను నకలు ఉంచుకుంటాను. నిన్ను పట్టుకోవాలని జూలై రెండో తేదీది తీసి చదివాను. పట్టుబడింది నేను.

మాకు శిక్షణ ఇచ్చిన అయ్యవారు ఇంగ్లీషు మాట నోట రానిచ్చేవారు కాదు. గ్రంథాలయంలో కథలు ఒక గుంపు, చరిత్ర ఒక గుంపు, వ్యవసాయం ఒక గుంపు, ఆకాశం, నక్షత్రాలు ఒక గుంపు. ఆ గుంపును ఇంగ్లీషులో క్లాసు అంటారు. మా అయ్యవారు దాన్ని తెలుగులోకి మార్చి “తరగతి” అన్నారు. మిగతా చోట్ల అందరూ “వర్గం” అనేవారు. మేము నలుగురైదుగురం ఆయన మీది గౌరవంతో ఆ మాటే పట్టుకుని ఉండిపోయాము. ముప్పై రెండేళ్లు నాకు తరగతి అంటే అదే. బడిలో ఉన్న మనిషికి ఆ మాట ఇంకొక విధంగా వినబడుతుందని ఒక్క క్షణమైనా తోచలేదు. కథల పుస్తకం చరిత్ర అరలోకి పోతే దొరకదని చెప్పాను. అంతే. పిల్ల ఒక అర నుంచి ఇంకొక అరకు పోరాదని కాదు. పోవాలి. పోవడానికే అరలు.

నీ తప్పేమీ లేదు. నువ్వు “ఐదే తరగతులు” అని రాసినప్పుడైనా నేను మేలుకోవలసింది. గోడ మీద నా మాట ఉందన్న మురిపెంలో కళ్లు కనబడలేదు.

ఆ చీటీలన్నీ తీసెయ్యి. మీ హెచ్చెంకు ఈ ఉత్తరం చూపించు. ఆ గోడ మీద రాత చెరిపించు. ఆ పిల్ల ఇంటికి వెళ్లు. ఏమన్నదో ఒక్క మాట వదలకుండా రాయి.

యశోద

ఎర్రదిన్నెపల్లి,
8 సెప్టెంబరు 2001.

అత్తకు,

రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. పైనున్నది ముందు చదివాను. అది మొదటిది. చాలాసేపు రెండోది విప్పబుద్ధి కాలేదు. విప్పాక ఏడుపూ నవ్వూ రెండూ వచ్చాయి. నేను రాసిన ఆ చివరి ప్రశ్నకు సిగ్గుపడుతున్నాను.

ఇక అసలు సంగతి. హెచ్చెం సారుకు మీ ఉత్తరం చూపించాను. నిదానంగా చదివి మడిచి తిరిగి ఇచ్చారు.

“మీ అత్తగారి ఉద్దేశం ఏదైనా కానీ మేడం, ఇప్పుడది ఆమె మాట కాదు, ఇస్కూలు రూలు. మొన్న తనిఖీకొచ్చిన ఆఫీసరు చూసి, తరగతికొక బీరువా, భలే ఉండాదప్పా అని పుస్తకంలో రాసిపోయినాడు. ఆమె మాట ఎనక్కి తీసుకుంటే పెయింటు ఎనక్కి వస్తాదా?”

“పిల్ల బడి మానేసింది సార్” అన్నాను.

“పిల్లోళ్లు మానేదానికి ఈ జిల్లాలో లైబ్రరీ అవసరమా మేడం? వాన లేకపాయ, అదే చాలు” అన్నారు.

ఆయన చెడ్డవారని అనను, అత్తా. చేసిన పనిని వెనక్కి తీసుకోవడం చేతకాదు. చెడ్డవారితో కంటే అటువంటివారితో ఇంకా కష్టం.

ఉమాదేవి ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ హనుమంతమ్మ నులక మంచం వాల్చింది. “బడి పోతే పోనీలే మేడం. ఈ తూరి శెనక్కాయ మొలకలోనే మాడిపాయ. గడ్డి యాడుండాది? దీపావళి దాటినాక మందను కాలవ కింది చేలకు తోలకపోతాము. ఈ పాప ఉంటే మాకూ చేయి సాయం” అన్నది. కాలువ కిందికి పోతే తిరిగి రావడం వచ్చే వానలకు. ఈసారి పోతే ఉమాదేవి చదువు ముగిసినట్టే.

ఆ పిల్ల దొడ్డి దగ్గర నిలబడి ఉంది. జరిగిన పొరపాటు చెప్పాను. అది ఆరో తరగతి పుస్తకం కాదు, ఎవరైనా చదవొచ్చన్నాను. నా ముఖం కేసి సూటిగా చూసింది.

“మీరు చెప్తే ఎవరు నమ్ముతారు మేడం? గోడ మింద ఇంకా అట్లనే ఉండాది గదా. ఆ మాట రాసినామెను రమ్మను. నన్ను నిలబెట్టిన కాడ్నే ఆమె నిలబడి, అందరి ముందర తప్పని చెప్పమను. అప్పుడు చూస్తాము.”

ఒక్క మాట వదలకుండా రాయమన్నారు. రాశాను.

మీ
ప్రశాంతి

అనంతపురం,
15 సెప్టెంబరు 2001.

చిరంజీవి ప్రశాంతికి,

ఆ అమ్మాయి అడిగినదాంట్లో ఒక్క మాట ఎక్కువ లేదు. వస్తున్నాను.

ఇరవై నాలుగో తేదీ సోమవారం పొద్దున మొదటి బస్సులో కళ్యాణదుర్గం దిగుతాను. ఆటోలో నాకు ముందు సీటు పట్టించు. వెనక కాళ్లు ముడుచుకుని కూర్చోలేను. మీ నాయనకు చెప్పవద్దు. మోకాలి పేరు పెట్టి ఆపుతాడు.

మీ హెచ్చెంను నేను ఏమీ అనను. అనవలసింది ఎంతో ఉంది. వానలు లేక పిల్లలు మానుతారట! వాన మన చేతిలో లేదు. బీరువా మన చేతిలో ఉంది. చేతిలో ఉన్నదాన్ని కూడా ఎండబెట్టి, నెపం ఆకాశం మీదికి తోసే మనిషిని చూస్తే నాకు రక్తం మరుగుతుంది. కానీ నేను వచ్చేది ఆయనతో తగవుకు కాదు. నా వాక్యం తెచ్చుకోవడానికి.

ఉమాదేవిని ఆ రోజు బడి గేటు దాకానైనా రమ్మను. లోపలికి రమ్మని బలవంతం చేయకు.

యశోద

ఎర్రదిన్నెపల్లి,
1 అక్టోబరు 2001.

అత్తకు నమస్కారాలు.

క్షేమంగా చేరారని, మోకాలికి కట్టు కట్టించుకున్నారని నాయన ఉత్తరం వచ్చింది. నాకు పడవలసిన తిట్లన్నీ పడ్డాయి.

మీరు వెళ్లాక జరిగినవి మీకు తెలియవు కదా, రాస్తాను. ప్రార్థన వేళ మీరు, ఉమాదేవిని నిలబెట్టిన ఆ గది ముందు మెట్టెక్కి, “ఆ మాట నాది. అక్కరకు రాని మాట వాడి పొరపాటు చేసింది నేను. ఉమాదేవి చేయలేదు, నందిని చేయలేదు” అన్నప్పుడు మీరు పిల్లలను చూస్తున్నారు. నేను సారును చూశాను. చేతిలో సుద్దముక్క రెండుగా విరిచారు. మీ ఆటో కదిలాక నా దగ్గరకు వచ్చి, “అంత వయసులో అంత చదువుకున్నామె పిల్లోళ్ల ముందర తప్పు ఒప్పుకుంటే మేం యాడ తల పెట్టుకోవాల మేడం?” అన్నారు. ఆ సాయంత్రం తిమ్మన్నను పిలిచి, ఆ గోడకు అడ్డంగా ఒక బీరువా జరిపించారు. సగం అక్షరాలు పోయాయి. మిగతా సగానికి భారతదేశ పటం తగిలించారు. చీటీల గురించి అడిగితే, “అవి మీ సొంత పని గదా, నన్నడగద్దు” అన్నారు. అంతకంటే అనుమతి ఆయన నోట రాదని అర్థమైంది. తడిగుడ్డ పెట్టి అన్నీ ఊడదీశాం. ఇప్పుడు కథలు, చరిత్ర, సేద్యం, ఆకాశం, జంతువులు అని ఐదు బీరువాలు. నందిని ఆకాశం దగ్గర నుంచి కదలడం లేదు.

ఇక ఉమాదేవి. ఆ రోజు గేటు బయట నిలబడి మీ మాటలన్నీ వింది. మీరు ఆమె చేతిలో పెట్టిన నక్క కథల పుస్తకం తీసుకుని వెళ్లింది కదా. నాలుగు రోజులకు వచ్చింది. బడికి కాదు, నా దగ్గరకు. పుస్తకం బల్ల మీద పెట్టింది.

“చదివినావా?” అన్నాను.

“చదివినా. మాటలు తెలిసినాయి. కానీ నాకు నక్క కతెందుకు మేడం? నేనేం చిన్నపిల్లనా? నక్క, కాకి, ఎలక. మా తమ్ముడు నవ్వుతాడు. పెద్దోళ్ల కత కావాల. మాటలు మాత్రం ఇట్లనే ఉండాల.”

ఐదు బీరువాలూ వెతికాను, అత్తా. ఎనిమిది వందల పుస్తకాల్లో అటువంటిది ఒక్కటీ లేదు. తేలిక మాటలున్నవన్నీ ఎలుకలూ నక్కలే. పెద్దవారి కథలన్నిటిలోనూ పేజీకి నలభై సంయుక్తాక్షరాలు. “వచ్చినాక చెప్పండి” అని వెళ్లిపోయింది. దీపావళి నవంబరు పద్నాలుగు. ఏం చేయను?

మీ
ప్రశాంతి

అనంతపురం,
12 అక్టోబరు 2001.

చిరంజీవి ప్రశాంతికి,

నీ ఉత్తరం వచ్చిన రోజే మా పాత గ్రంథాలయానికి వెళ్లాను. నా తర్వాత వచ్చిన అమ్మాయి నాతో పాటు అరలన్నీ వెతికింది. లేదు. రెండు పుస్తకాల దుకాణాల్లో అడిగాను. ఒకాయన, “పెద్దోళ్లకు చదువు రాకుంటే పుస్తకం ఎందుకమ్మా?” అన్నాడు. నాతో వాదన పెట్టుకున్నందుకు పాపం చాలాసేపు బాధపడి ఉంటాడు.

అయినా ఆయనను అని ఏం లాభం? ముప్పై రెండేళ్లు నేను వేలకొద్దీ పుస్తకాలు విడదీశాను. పెద్ద బతుకు, చిన్న మాట, రెండూ ఉన్న పుస్తకం ఒక్కటీ నా బల్ల మీదికి రాలేదు. రాలేదని నేను గమనించనైనా లేదు. రాని పుస్తకానికి చీటీ ఉండదు కదా! అడిగేవారు అడగలేక బయటి నుంచే పోయారు. వచ్చినవారి లెక్క నా దగ్గర ఉంది. పోయినవారి లెక్క ఎవరి దగ్గరా లేదు. ఈ వారం నా కోపమంతా నా మీదే.

సరే, నేనే రాయడం మొదలుపెట్టాను. నాకు కథలు రాయడం రాదు. విడదీయడమే వచ్చు. అయినా రాశాను. పెద్ద అక్షరాలతో ఇరవై పేజీలు, దారంతో కుట్టి పంపుతున్నాను. మందను తోలుకుని కాలువ దాకా ఒంటరిగా నడిచిన కదిరమ్మ అనే ఆమె కథ. ఒకే అక్షరానికి అదే ఒత్తు ఉన్న మాటలు వాడాను. వేరు ఒత్తులున్న మాటలు ఒక్కటీ లేకుండా చూశాను. “మధ్యాహ్నం” అని రాయలేక అరగంట కూర్చున్నాను. మొదటి పేజీ ఇది:

“పగలు సగం అయింది. ఎండ మండుతోంది. కదిరమ్మ కర్ర పట్టుకుని నిలబడింది. గొర్రెలు చెట్టు నీడలో విడివిడిగా పడుకున్నాయి. రెండు గొర్రెలు ముందు కాలు పైకి ఎత్తి తుమ్మ కొమ్మ అందుకున్నాయి.”

ఆమెకు ఇవ్వు. ఏ మాట దగ్గర ఆగిందో గుర్తుపెట్టి రాయి.

ఆశీస్సులతో,
యశోద

ఎర్రదిన్నెపల్లి,
6 నవంబరు 2001.

అత్తకు నమస్కారాలు.

ఉమాదేవి ఎక్కడ ఆగిందో చెప్పమన్నారు. మొదటి పేజీ చివరనే ఆగింది. మాట తెలియక కాదు.

దసరా సెలవులకు ముందు మీరు కుట్టి పంపిన నోటుబుక్కు ఇచ్చాను. సెలవులు అయిన మొదటి రోజే, గంట కొట్టకముందే, బడి లోపలికి వచ్చింది. నేరుగా గ్రంథాలయం గదికి వచ్చి నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టింది. ముఖం కందిపోయి ఉంది.

“ఇది రాసింది ఆమేనా మేడం? గోడ మింద రాసినామె?”

“అవును.”

“ఆమె ఎప్పుడన్నా గొర్రెను చూసినాదా?”

మీరు చూశారా, అత్తా?

“చెట్టు నీడలో విడివిడిగా పండుకుంటాయంట! ఆ బయల్లో చెట్టు యాడుంటాది? ఎండపొద్దుకు గొర్రెలు గుంపు కడతాయి. ఒకదాని కడుపు కింద ఇంకొకటి తల పెట్టుకుంటాది. అదే వాటికి నీడ. ఇంగ ఇది చూడు, ముందు కాలెత్తి కొమ్మ అందుకున్నాయంట. అది మేక చేసే పని! గొర్రె తలొంచుకునే మేస్తాది. కదిరమ్మ మూడు దినాలు నడిచినాదంట, గొర్రెలకు ఒక్క తూరి కూడా నీళ్లు తాపలేదు. అన్నీ సచ్చిపోతాయి గదా! ఇట్లా బుక్కు పిల్లోళ్లకు ఇస్తారా? చదివినోళ్లు నమ్మరా?”

లోపల కోపం నిండిన మనిషి ఎంత చక్కగా చదువుతుందో చూడండి. ప్రతి తప్పు దగ్గరా వాక్యం మొత్తం పైకి చదివి, ఆ తర్వాతే తిట్టింది. ఇరవై పేజీల్లో పదకొండు చోట్ల గీత గీసి ఉంది.

అప్పటికి గది బయట ఎనిమిదో తరగతి అంతా చేరింది. హెచ్చెం సారు కూడా వచ్చి నిలబడ్డారు. “ఏమమ్మా, పుస్తకం మీద పెన్నుతో రాస్తాండావా?” అన్నారు. అలవాటు కొద్దీ గట్టిగానే అన్నారు. ఉమాదేవి తల తిప్పకుండా, “తప్పుండాది సార్, దిద్దల్ల” అన్నది. ఆయన కాసేపు నోటుబుక్కు కేసి, కాసేపు ఆమె కేసి చూశారు. తన గదికి వెళ్లిపోయారు.

నిన్న హనుమంతమ్మ వచ్చింది. మంద దీపావళి మూడో రోజున కదులుతుందట. “ఈ పాప రాదంట మేడం. అవ్వ కాడ ఉంటాదంట. ఎవురో అనంతపురం ఆమె గొర్రెల గురించి తప్పుతప్పు రాస్తాందంట, ఆమెకు చెప్పేవాళ్లు లేరంట. ఏందో ఈ కత నాకు అర్థం కాలేదు” అని విసుక్కుంది. విసుక్కుంటూనే తన వంతుగా ఒకటి చెప్పిపోయింది. కుక్కలు లేకుండా మంద కదలదట. మీ కదిరమ్మకు కుక్క లేదు.

దిద్దిన నోటుబుక్కు పంపుతున్నాను. అంచుల్లో ఆమె చేతిరాత ఉంది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఒత్తులు కొన్ని తప్పాయి. అవి దిద్దవద్దు. మీ తప్పులు మాత్రం దిద్ది, కొత్త ప్రతి రాసి పంపమన్నది. పంపేలోపల తాను కొత్తగా ఏమీ చదవదట, ముందు ఇది తేలాలట.

ఆ రోజు ఉమాదేవి రెండో పేజీని గది మధ్యన నిలబడి, ఎనిమిదో తరగతి అందరి ముందూ ఆగకుండా చదివింది. అందరూ విరగబడి నవ్వారు. ఆమెను చూసి కాదు, అత్తా. మీ గొర్రెలను చూసి.

మీ
ప్రశాంతి